కీబోర్డు గుర్తులతో బొమ్మలు: కొత్తవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి, ఒకప్పుడు టైపు లోయరూ హయ్యరూ పాసైన పెద్దవాళ్ళ దాకా ఈ బొమ్మలు చూసి నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పే ఓపిక తగ్గిపోయి ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ బండి ఎక్కడ ఆగిపోయిందో అక్కడికే నేరుగా వెళ్ళండి.

## మొదలుపెట్టే ముందు

ఆస్కీ ఆర్ట్ అంటే ఏంటి? స్మైలీలు, ఎమోజీలు కూడా అదేనా?

కీబోర్డు మీదున్న అక్షరాలు, అంకెలు, గుర్తులు మాత్రమే వాడి వేసే బొమ్మని ఆస్కీ ఆర్ట్ అంటారు. ఇక్కడ గుర్తు అర్థంతో పని లేదు, దాని ఆకారమే ముఖ్యం. బ్రాకెట్టు ఒక బొమ్మలో బుగ్గ, ఇంకో బొమ్మలో కుండ అంచు. సున్నా ఒకచోట కన్ను, ఇంకోచోట బండి చక్రం.

స్మైలీ దీనికి చెల్లెలు లాంటిది. ఒక్క వరుసలో ఇమిడిపోతుంది, తల పక్కకి వంచి చూడాలి. సరదాగా అన్న మాటని గుర్తుపట్టడానికి `:-)` పెడదామని 1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్కాట్ ఫాల్మన్ ప్రతిపాదించారు. ఎమోజీ సంగతి వేరు. అది ముందే గీసి ఇచ్చిన బొమ్మ, అందులో మన చేతిపని ఏమీ ఉండదు.

ఆస్కీ అనే పేరు ఎందుకొచ్చింది?

కంప్యూటర్లు ఒకదానికొకటి అక్షరాలు పంపుకోవడానికి 1963లో అమెరికాలో తయారైన ఒక ప్రమాణం పేరు అది. అందులో మొత్తం 128 స్థానాలు. 33 స్థానాలు "కొత్త వరుసకి వెళ్ళు" లాంటి ఆదేశాలకి పోగా, తెర మీదకి వచ్చేవి 95. ఆ 95లో స్పేస్ కూడా ఒకటి. కొత్తవాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోరు గానీ, ఏ బొమ్మలోనైనా ఎక్కువసార్లు కొట్టేది దాన్నే.

కంప్యూటర్లు రాకముందే టైపు మిషన్ మీద ఇలా వేసేవాళ్ళట, నిజమేనా?

నిజమే. ఫ్లోరా స్టేసీ అనే ఇంగ్లండు స్టెనోగ్రాఫర్ టైపు మిషన్ మీద వేసిన సీతాకోకచిలుక 1898లోనే అచ్చయింది. మన దేశంలో ముంబైకి చెందిన చంద్రకాంత్ భిడే బ్యాంకులో టైపిస్టుగా పనిచేస్తూ, అదే మిషన్ మీద మనుషుల ముఖాలు టైపు చేసి పేరు తెచ్చుకున్నారు. టైపు మిషన్‌కి ఒక సౌలభ్యం ఉంది. కాగితాన్ని వెనక్కి జరిపి ఒకే చోట రెండు మూడు గుర్తులు కొట్టొచ్చు, రోలరు తిప్పి వరుసని సగం పైకి జరపొచ్చు. కంప్యూటర్లో ఆ వెసులుబాటు లేదు. ఒక గడిలో ఒకటే గుర్తు.

కంప్యూటర్ల వైపు చూస్తే, 1966లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో కెన్ నోల్టన్, లియోన్ హార్మన్ ఒక ఫోటోని స్కాన్ చేసి, దాని వెలుగునీడల్ని చిన్న చిన్న గుర్తులుగా మార్చారు. దగ్గర్నుంచి చూస్తే గుర్తులే. దూరంగా నిలబడితే మనిషి. అక్షరాలు తప్ప బొమ్మలు వేయలేని ప్రింటర్లు, తెరలు చాలా ఏళ్ళు రాజ్యమేలాయి కాబట్టి ఈ కళకి అంత ఆదరణ దొరికింది.

నాకు బొమ్మలు గీయడం అస్సలు రాదు. నా వల్ల అవుతుందా?

చుక్కల ముగ్గు వేయడం వచ్చా? కనీసం వేస్తుంటే చూశారా? ఇది దానికి దగ్గరి చుట్టం. చేయి వణికినా పర్వాలేదు, గీత వంకరపోయే అవకాశమే లేదు. ఏ గడిలో ఏ గుర్తు అన్నది ఒక్కటే నిర్ణయం. పెన్సిల్ పట్టుకుంటే పిల్లిని కుక్కలా గీసేవాళ్ళు ఇందులో చక్కగా రాణించడం నేను చూశాను. గ్రాఫ్ పేపర్ మీద పోచంపల్లి ఇక్కత్ డిజైన్ వేసేవాళ్ళకీ, క్రాస్ స్టిచ్ కుట్టేవాళ్ళకీ ఇది ఇంకా తొందరగా పట్టుబడుతుంది. గళ్ళలో ఆలోచించడం వాళ్ళకి ముందే అలవాటు.

ఏ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి?

ఏదీ కొనక్కర్లేదు. విండోస్‌లో నోట్‌ప్యాడ్ చాలు. చూసుకోవాల్సింది ఫాంటు. అన్ని గుర్తులకీ ఒకే వెడల్పు ఇచ్చే మోనోస్పేస్ ఫాంట్ కావాలి: కన్సోలాస్, కొరియర్ న్యూ, మెన్లో, డెజావూ సాన్స్ మోనో, వీటిలో ఏదైనా సరే. మామూలు ఫాంట్లలో చుక్కకి తక్కువ చోటు, ఎట్ గుర్తుకి ఎక్కువ చోటు ఇస్తారు. దాంతో పై వరుసకీ కింది వరుసకీ పొంతన కుదరదు.

ఫాంటు సరైనదో కాదో చూసుకోవడానికి ఒక వరుసలో పది చుక్కలు, కింది వరుసలో పది ఎట్ గుర్తులు కొట్టండి. రెండూ ఒకే చోట ఆగితే పని మొదలుపెట్టొచ్చు.

ఫోన్‌లో చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు గానీ చిరాకొస్తుంది. బ్యాక్‌స్లాష్ (వెనక్కి వాలిన గీత) కోసం ప్రతిసారీ గుర్తుల పేజీ దాటి రెండో పేజీకి వెళ్ళాలి. అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది: చాలా ఫోన్లలో వెంటవెంటనే రెండు స్పేస్‌లు కొడితే, అదే ఫుల్‌స్టాప్ పెట్టేస్తుంది. కీబోర్డు సెట్టింగుల్లో దాన్నీ, ఆటో కరెక్ట్‌నీ ఆపేసి మొదలుపెట్టండి. నా మటుకు నేను కంప్యూటర్లో వేసి, ఫోన్‌లో పంపడానికి మాత్రం వాడతాను.

## మొదటి బొమ్మ

ఖాళీ తెర ముందు కూర్చుంటే ఏమీ తోచట్లేదు. దేంతో మొదలుపెట్టను?

ఇంటితో. నేర్చుకునేవాళ్ళందరితో ముందు గుడిసే వేయిస్తాను. దానికి నాలుగే గుర్తులు చాలు: రెండు వాలు గీతలు, ఒక నిలువు గీత, ఒక అండర్‌స్కోర్. స్పేస్‌ని కలిపితే ఐదు.

```
      /\
     /  \
    /    \
   /______\
    | __ |
    ||  ||
____||__||____
```

పై నుంచి కిందికి వెళ్ళండి. మొదటి వరుసలో ఆరు స్పేస్‌లు కొట్టి మొన పెట్టండి. తర్వాత ప్రతి వరుసలోనూ ముందున్న స్పేస్‌లు ఒకటి తగ్గుతాయి, మధ్యలో ఖాళీ రెండు పెరుగుతుంది. నాలుగో వరుసలో ఆ ఖాళీని అండర్‌స్కోర్లతో నింపితే చూరు వచ్చేస్తుంది. గోడ చూరు కంటే అటొక గడి, ఇటొక గడి లోపలికి ఉండాలి. తలుపు పైకమ్మీ కోసం పెట్టిన రెండు అండర్‌స్కోర్లు ఐదో వరుసలో ఉన్నాయి చూడండి. అండర్‌స్కోర్ గడి అడుగున పడుతుంది కాబట్టి, తలుపు ఎక్కడ మొదలవుతుందో దాని పై వరుసలోనే దాన్ని పెట్టాలి. మొదట్లో అందరూ తప్పేది ఇక్కడే.

దీన్ని చూసి కొట్టడం అయ్యాక, చూడకుండా ఒకసారి కొట్టండి. ఆ తర్వాత పక్కన తాటిచెట్టో, దడో మీరే పెట్టుకోండి.

మధ్యలో ఒక గుర్తు కొడితే కుడివైపున్నవన్నీ జరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

మీ ఎడిటర్ కొత్త గుర్తుకి చోటిచ్చి పాతవాటిని పక్కకి నెడుతోంది. కావాల్సింది పాతదాని మీదే కొత్తది పడటం. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఇన్సర్ట్ కీ ఒకసారి నొక్కితే అలా మారుతుంది. విమ్ అనే ఎడిటర్ వాడేవాళ్ళయితే షిఫ్ట్‌తో ఆర్ కొడితే సరి. మామూలు నోట్‌ప్యాడ్‌లో ఈ సౌకర్యం లేదు. అక్కడ ఒక గుర్తు కొట్టి, వెంటనే డిలీట్‌తో ఒక గుర్తు తీసేయాలి. చిన్న బొమ్మకైతే అదీ అలవాటైపోతుంది.

ఇంకో చిట్కా. ముందుగా 40 స్పేస్‌ల వరుస ఒకటి చేసి, దాన్నే 20 సార్లు కాపీ చేసి పెట్టుకోండి. ముగ్గుకి ముందు కళ్ళాపి చల్లినట్టన్నమాట. ఇప్పుడు బాణం కీలతో తెర మీద ఎక్కడికైనా వెళ్ళి గుర్తు పెట్టొచ్చు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఆల్ట్ పట్టుకుని మౌస్‌తో లాగితే నిలువుగా ఒక ముక్కని ఎంచుకోవచ్చు. తలుపుని రెండు గడులు పక్కకి జరపాలంటే అంతకంటే సుళువైన దారి లేదు.

చతురస్రం గీస్తే నిలువుగా సాగిన డబ్బాలా వస్తోంది. తప్పెక్కడుంది?

మీరు అటు నాలుగు, ఇటు నాలుగు లెక్కపెట్టి ఉంటారు. తెర మీద గడి చతురస్రంగా ఉండదు. ఎత్తు వెడల్పుకి దాదాపు రెట్టింపు. అందుకే అడ్డంగా రెట్టింపు గుర్తులు కావాలి.

```
####      ########
####      ########
####      ########
####      ########
```

ఎడమ పక్కది నాలుగు నాలుగులు. కుడి పక్కది ఎనిమిది నాలుగులు. కంటికి చతురస్రంగా అనిపించేది రెండోదే. ఫాంటునీ, వరుసల మధ్య ఖాళీనీ బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. గ్రాఫ్ పేపర్ మీద ముందు స్కెచ్ వేసుకునేవాళ్ళు రెండు అడ్డగడులకి ఒక నిలువు గడి అని గుర్తుంచుకుంటే చాలు.

గోపురం మొన సరిగ్గా నడిమధ్యకి రావట్లేదు. ఒక గడి అటో ఇటో పోతోంది.

సరి, బేసి గొడవ ఇది. ముగ్గులో "15 చుక్కలు, సందు చుక్క 8 వరకు" అంటే, కింది వరుస చుక్కలు పై వరుస చుక్కల సందుల్లో పడతాయి. కీబోర్డు బొమ్మలో సందు చుక్క ఉండదు. అన్నీ సరిచుక్కలే. సగం గడి జరగడం కుదరదు.

అందుకని మొన ఏ గుర్తుతో పెడుతున్నారో ముందే తేల్చుకోవాలి. రెండు వాలు గీతల మొన అయితే కింద ప్రతి వరుస వెడల్పూ సరి సంఖ్య కావాలి. ఒక్క చుక్కతోనో, టోపీ గుర్తు (`^`) తోనో మొన పెడితే ప్రతి వరుసా బేసి. ఈ ప్రమిద మొత్తం బేసి లెక్కలో ఉంది:

```
      .
     / \
     \_/
 .----'----.
  \       /
   '-----'
```

సగం బొమ్మ వేశాక "అయ్యో, ఒక గడి తేడా వచ్చింది" అనిపిస్తే అతుకులు వేయకండి. మొన మార్చేయండి, పని తేలిగ్గా అయిపోతుంది.

ఆ నిలువు గీత, వెనక్కి వాలిన గీత ఏ కీలో ఉన్నాయి? నాకు తెలుగు అక్షరాలు పడుతున్నాయి.

మన దగ్గర అమ్మే కీబోర్డుల్లో మామూలుగా ఎంటర్ కీకి పైన ఉండే కీలో బ్యాక్‌స్లాష్ ఉంటుంది. షిఫ్ట్‌తో కొడితే అదే నిలువు గీత. ఎస్కేప్ కింద ఉండే కీలో బ్యాక్‌టిక్, షిఫ్ట్‌తో అల గుర్తు వస్తాయి.

తెలుగు పడుతోందంటే కీబోర్డు తెలుగులోనే ఉండిపోయింది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో సెమికోలన్ కీ కొడితే చ, దాని పక్క కీ కొడితే ట, స్క్వేర్ బ్రాకెట్‌కి డ, స్లాష్‌కి య వస్తాయి. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కి ఇంగ్లీషుకి మారండి.

బొమ్మ ఎంత వెడల్పు ఉండొచ్చు?

కంప్యూటర్లో చూసేదైతే 80 గడులు దాటకండి. ఆ 80 అన్నది 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డుల్లో ఉన్న నిలువు వరుసల లెక్క. కార్డులు పోయినా ఆ సంఖ్య తెరల్లోకి వచ్చి కూర్చుంది. ఫోన్‌లో చూసేదైతే 25 లోపే ఉంచండి.

## గీతలు, వంపులు, నీడలు

కొండ గీస్తే గుడి మెట్లలా వస్తోంది. నున్నటి వంపు ఎలా తేవాలి?

ఈ కళలో అసలు పట్టు ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

గడి నిలువుగా పొడవు కాబట్టి వాలు గీత నిటారుగా ఉంటుంది. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోతే దాదాపు 63 డిగ్రీల వాలు వస్తుంది. గుడిసె కప్పుకి అది బాగుంటుంది, కొండకి పనికిరాదు. ఏటవాలు తగ్గాలంటే, ఒక వరుస ఎక్కేలోపు అడ్డంగా నాలుగైదు గడులు నడవాలి. ఆ నడకలో గీత మెల్లగా పైకి లేవాలి.

దీనికి గుర్తుల ఎత్తు తెలియాలి. ప్రతి గుర్తూ తన గడిలో ఒక్కో ఎత్తున కూర్చుంటుంది. అండర్‌స్కోర్ గడి అట్టడుగున, చుక్క దాని కాస్త పైన, అడ్డగీత నడిమిన, సింగిల్ కోట్ పై అంచున. ఈ నాలుగింటినీ ఆ వరుసలో పెడితే గీత నాలుగు అంచెల్లో పైకి లేస్తుంది. కుడివైపు దిగేటప్పుడు అదే క్రమాన్ని తిరగేయాలి:

```
         _.-'-._
     _.-'       '-._
 _.-'               '-._
```

ఒక వరుసలో కోట్ ఎక్కడ ఆగిందో, దాని పై వరుసలో పక్క గడి నుంచి అండర్‌స్కోర్ అందుకుంటుంది. చెయ్యి ఎత్తకుండా గీసినట్టు కన్ను మోసపోతుంది. ఈ నాలుగు గుర్తుల క్రమం చేతికి వచ్చిందంటే కొండలు, అలలు, పడవ అడుగు, పిల్లి వీపు అన్నీ వచ్చినట్టే. నేను దీన్ని ఫోన్ మాట్లాడుతూ కొట్టి కొట్టి అలవాటు చేసుకున్నాను.

కుడివైపు సగం ఎడమ సగానికి అద్దంలా రావాలంటే?

వరుసని తిరగేసి, జంట ఉన్న గుర్తుల్ని మార్చాలి. రెండు వాలు గీతలు ఒక జంట. గుండ్రటి, చదరపు, మీసాల బ్రాకెట్లు, చిన్న పెద్ద గుర్తులు (`<`, `>`) తలో జంట. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో బీకి డీ, పీకి క్యూ అద్దంలో ప్రతిబింబాలు. చుక్క, నిలువు గీత, అడ్డగీత, నక్షత్రం, కోలన్ ఎటు తిప్పినా అవే. కామాకీ, అంకె 7కీ జంట లేదు. రెండు వైపులా ఒకేలా రావాల్సిన బొమ్మలో వాటిని పెట్టకండి.

గీతలు సరే, నీడలు ఎలా వేస్తారు?

గుర్తు ఎంత సిరా తింటుందో చూడాలి. చుక్క కొంచెం తింటుంది, ఎట్ గుర్తు గడి అంతా నింపేస్తుంది. లేత నుంచి ముదురుకి చాలామంది వాడే వరుస ఇది. మొదటిది స్పేస్, కనిపించదు:

```
 .:-=+*#%@
```

మామిడిపండు వేస్తున్నారనుకోండి. వెలుగు ఎడమ పై నుంచి పడుతుంటే అక్కడ స్పేస్‌లూ చుక్కలూ, కుడి కింది అంచుకి వచ్చేసరికి చారల గుర్తూ (`#`), శాతం గుర్తూ. పదీ వాడాలనేం లేదు. మొదట్లో నాలుగు మెట్లు చాలు.

నల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో పనిచేసేవాళ్ళు ఈ వరుసని తిరగేసి చూడాలి. అక్కడ ఎట్ గుర్తు వెలుగు, స్పేస్ చీకటి. తెల్ల కాగితం కోసం వేసిన ముఖాన్ని నల్ల తెర మీద తెరిస్తే ఫోటో నెగెటివ్‌లా దయ్యంలా కనిపించేది ఇందుకే.

ఫోటో ఇస్తే ఒక్క క్లిక్‌లో మార్చేసే సైట్లున్నాయి కదా. చేత్తో ఎందుకు కష్టపడటం?

పెద్ద ఫోటోకి అవే మేలు. ఆ సైట్లు ఫోటోని గడులుగా కోసి, ఒక్కో గడి ఎంత ముదురుగా ఉందో చూసి దానికి తగ్గ గుర్తు పెడతాయి. 100 గడుల వెడల్పు ఉంటే మనిషి పోలిక వస్తుంది.

కానీ పది గడుల్లో పిల్లిని వేయమనండి, మరకలు వేసి ఇస్తాయి. చిన్న బొమ్మలో ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో తెలియాలి. చెవులూ మీసాలూ ఉంచి ముక్కు వదిలేస్తే ఇంకా పిల్లే. చెవులు వదిలేస్తే ఏదో ఒక గుండ్రటి ముఖం. ఆ ఎంపిక చేయడంలోనే నాకు సరదా ఉంది. మీకు కావాల్సింది పెళ్ళి ఫోటో మార్పించుకోవడమే అయితే మొహమాటపడకుండా సైటే వాడుకోండి.

పేరుని పెద్ద పెద్ద అక్షరాలతో వేయాలి. ఒక్కో అక్షరం చేత్తోనే కట్టాలా?

ఇంగ్లీషు అక్షరాలకైతే అక్కర్లేదు. ఫిగ్లెట్ అనే ప్రోగ్రాం 1991 నుంచీ ఉంది. పేరు కొడితే రకరకాల శైలుల్లో కట్టి ఇస్తుంది, ఉచితం. బ్రౌజర్లోనే పనిచేసే రూపాలూ ఉన్నాయి. దాంతో పాటు వచ్చే ఫాంట్లలో తెలుగు లేదు. తెలుగు పేరైతే గ్రాఫ్ పేపర్ తీయాల్సిందే.

## తెలుగు అక్షరాల సంగతి

మన తెలుగు అక్షరాలతోనే బొమ్మలు కట్టొచ్చా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. కట్టొచ్చు, కానీ నోట్‌ప్యాడ్‌లో కుదరదు. కారణం లిపిలోనే ఉంది. ర సన్నం, ఝ వెడల్పు. గుడి పైకి పోతుంది, వత్తు కిందికి దిగుతుంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరం వెనక కంప్యూటర్ లెక్కలో ఆరు సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, ఆ పైన గుడిదీర్ఘం. కంటికి ఒకటి, మెషీన్‌కి ఆరు. ఇది ఎన్ని గడులు పట్టాలన్నది ఒక్కో ప్రోగ్రాం ఒక్కోలా తేలుస్తుంది. గౌతమి, నోటో లాంటి వాడుకలో ఉన్న తెలుగు ఫాంట్లలో అక్షరాల వెడల్పులు వేరువేరు.

అయితే రెండు దారులున్నాయి. ఒకటి, ఎక్సెల్ తెరిచి నిలువు వరుసలన్నీ సన్నగా, చదరంగా చేసి, గడికొక అక్షరం మధ్యకి పెట్టుకోవడం. ఇప్పుడు ఫాంటు ఏం చేసినా గడి కదలదు. పాప పేరులోని అక్షరాలతో నెమలి ఆకారం నింపి ప్రింట్ తీస్తే చాలా బాగుంటుంది. వత్తులు లేని పేర్లయితే పని ఇంకా తేలిక.

రెండోది తెలుగు అక్షరాన్నే బొమ్మగా చూడటం. కీబోర్డు గుర్తులతో తెలుగు అక్షరం కట్టండి. మన లిపి గుండ్రం కాబట్టి వంపుల సాధనకి ఇంతకంటే మంచిది లేదు. ఇది ర:

```
        ##
  ##   ##
   ## ##
    ###
  #######
 ##     ##
##       ##
##       ##
 ##     ##
  #######
```

తలకట్టు కుడి కొమ్ము ఎడమదాని కంటే పైకి పోవాలి, అప్పుడే తెలుగు కళ వస్తుంది.

అక్షరాల్ని ఆకారంలో పేర్చడం మనకి కొత్తేం కాదు. చిత్రకవిత్వంలో చక్రబంధం, ఖడ్గబంధం, నాగబంధం అని పద్యంలోని అక్షరాల్ని చక్రంలోనో, కత్తి ఆకారంలోనో, పాము చుట్టల్లోనో అమర్చేవారు. పాము చుట్టలు ఒకదాన్నొకటి దాటే చోట ఒకే అక్షరం రెండు పాదాలకీ సరిపోవాలి. పైగా ఛందస్సు తప్పకూడదు. మనకి ఆ బాధ లేదు, గడి సరిపోతే చాలు.

## పంపేటప్పుడు, పెట్టేటప్పుడు

నా దగ్గర చక్కగా ఉంది, అవతలివాళ్ళకి చిందరవందరగా వెళ్ళింది. ఎందుకు?

నూటికి తొంభై సార్లు ఫాంటే కారణం. మీరు మోనోస్పేస్‌లో వేశారు, వాళ్ళు మామూలు ఫాంటులో చూశారు. ఒక సంక్రాంతికి గంటన్నర కూర్చుని భోగిమంట, గాలిపటం వేసి మా బంధువుల గ్రూపులో పెట్టాను. మా అన్నయ్య కొడుకు వెంటనే, "బాబాయ్, కీబోర్డు మీద పిల్లి నడిచిందా?" అని అడిగాడు.

రెండో కారణం ట్యాబ్. ఒక చోట ట్యాబ్ అంటే నాలుగు గడులు, ఇంకో చోట ఎనిమిది. బొమ్మలో ట్యాబ్ కీ ముట్టుకోవద్దు, అన్నీ స్పేస్‌లే కొట్టండి. ఇక మూడోది, సన్నటి తెర మీద పొడుగు వరుస విరిగి కిందికి పడటం.

ఎవరి దగ్గర ఎలా కనిపిస్తుందో అని టెన్షన్ పడే బదులు స్క్రీన్‌షాట్ తీసి పంపేయండి. పెద్ద బొమ్మలకి నేనూ అదే చేస్తున్నాను.

వాట్సాప్‌లో సరిగ్గా వెళ్ళాలంటే?

బొమ్మకి ముందు మూడు బ్యాక్‌టిక్‌లు, చివర మూడు బ్యాక్‌టిక్‌లు పెట్టండి. మధ్యలో ఉన్నదంతా మోనోస్పేస్‌లో వస్తుంది. అవి పెట్టకపోతే ఫాంటు మారడమే కాకుండా, నక్షత్రాల మధ్య ఉన్నది బోల్డుగా, అండర్‌స్కోర్ల మధ్య ఉన్నది ఇటాలిక్‌గా మారి, ఆ గుర్తులే మాయమవుతాయి.

వర్డ్‌లో కొడుతుంటే అదే గుర్తులు మార్చేస్తోంది. నేనేం చేశాను?

మీరేం చేయలేదు. అది ఉత్తరాలు రాసేవాళ్ళకి చేసిన సాయం. నిటారు కోట్‌ని వంకర కోట్‌గా, రెండు అడ్డగీతల్ని ఒక పొడుగు గీతగా మారుస్తుంది. మూడు అడ్డగీతలు కొట్టి ఎంటర్ నొక్కితే పేజీ అంతటికీ గీత లాగేస్తుంది. స్మైలీ కొడితే ముఖం బొమ్మ పెడుతుంది. ఆటోకరెక్ట్ ఆపొచ్చు, కానీ అసలు వర్డ్ జోలికి వెళ్ళకపోవడమే సుఖం.

వెబ్ పేజీలో పెడితే స్పేస్‌లన్నీ కలిసి ఒకటైపోయాయి.

పక్కపక్కన ఎన్ని స్పేస్‌లున్నా ఒకటిగా చూపడం హెచ్‌టీఎంఎల్ పద్ధతి. బొమ్మని ప్రీ ట్యాగ్ మధ్య పెడితే స్పేస్‌లు, వరుసలు ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి.

పైథాన్ ప్రోగ్రాంలో ప్రింట్ చేస్తే బ్యాక్‌స్లాష్‌లు తేడా చేస్తున్నాయి. ఎలా?

ప్రోగ్రాం భాషల్లో బ్యాక్‌స్లాష్‌కి వేరే పనుంది. దాని పక్కన ఎన్ ఉంటే కొత్త వరుస, టీ ఉంటే ట్యాబ్. ట్రిపుల్ కోట్స్ మధ్య వరుస చివర బ్యాక్‌స్లాష్ వస్తే కింది వరుస వచ్చి దీనికే అతుక్కుంటుంది. కోట్స్‌కి ముందు ఆర్ అక్షరం పెట్టండి, బ్యాక్‌స్లాష్ బ్యాక్‌స్లాష్‌గానే మిగులుతుంది. ఒక్క మినహాయింపు ఉంది: అప్పుడు కూడా స్ట్రింగ్ చిట్టచివర, కోట్స్‌కి ఆనుకుని ఒంటరి బ్యాక్‌స్లాష్ ఉండకూడదు. సీ, జావాల్లో అయితే ప్రతి బ్యాక్‌స్లాష్‌నీ రెండుసార్లు కొట్టాలి.

కళ్ళు కనిపించనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో వింటారు కదా, వాళ్ళకి ఇదెలా ఉంటుంది?

నరకంలా ఉంటుంది. "స్లాష్, బ్యాక్‌స్లాష్, అండర్‌స్కోర్, అండర్‌స్కోర్" అంటూ చదువుకుంటూ పోతుంది. బొమ్మకి ముందే ఒక వాక్యం రాయండి: "కింద ఏడు వరుసల గుడిసె బొమ్మ ఉంది." వినేవాళ్ళు దాటేసి ముందుకు వెళ్తారు. వెబ్ పేజీ మీదే అయితే స్క్రీన్‌షాట్ పెట్టి దానికి వివరణ జతచేయడం ఇంకా మర్యాద.

ఎక్కడో దొరికిన బొమ్మ వాడుకోవచ్చా? మూలన ఉన్న రెండు మూడు అక్షరాలేంటి?

అవి వేసినవాళ్ళ పొడి అక్షరాలు, అంటే సంతకం. జోన్ స్టార్క్ అనే అమెరికా కళాకారిణి 1990ల్లో వేసిన బొమ్మల మీద జేజీఎస్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇలాంటి బొమ్మలు చేతులు మారేటప్పుడు చాలామంది ముందు సంతకమే చెరిపేస్తారు, అది అడ్డమొస్తోందని. దయచేసి ఆ పని చేయకండి. మార్చి వాడినా అసలు పేరు ఉంచండి. అమ్ముకునే వస్తువు మీద వేయాలంటే అనుమతి అడగాలి. మీ బొమ్మలకి మీరూ సంతకం పెట్టుకోండి, నీడలో కలిసిపోయే చోట చూసి.

నిండు బ్లాకులు, పెట్టె గీతలు వాడితే అది ఆస్కీ ఆర్టేనా?

పట్టింపు ఉన్నవాళ్ళు కాదంటారు. ఆ 95 గుర్తుల్లో అవి లేవు. పాత ఐబీఎం పీసీల అక్షరాల పట్టికలో ఉండేవి. వాటికి రంగులు జోడించి వేసేదాన్ని ఆన్సీ ఆర్ట్ అని విడిగా పిలుస్తారు. ఇప్పుడు యూనికోడ్‌లో అవన్నీ ఉన్నాయి. ఎనిమిది చుక్కల బ్రెయిలీ గడులు 256 కూడా ఉన్నాయి. ఒక్క గడిలో ఎనిమిది చుక్కలు పట్టడంతో వాటితో చాలా సన్నటి పని వస్తుంది. జపాన్‌లో వాళ్ళ లిపితోనే, వెడల్పులు వేరువేరుగా ఉండే ఫాంటుతోనే బొమ్మలు కట్టే సంప్రదాయం ఒకటి పెరిగింది. నేర్చుకునేటప్పుడు మాత్రం 95లోనే ఉండండి. గుర్తులు ఎక్కువైతే వెతుక్కోవడానికే పొద్దంతా పోతుంది.

బొమ్మ అయిపోయిందని ఎలా తెలుస్తుంది? ఏదో ఒకటి చేర్చాలనిపిస్తూనే ఉంటుంది.

కుర్చీ వెనక్కి జరిపి, కళ్ళు సగం మూసి చూడండి. ఏం బొమ్మో తెలిస్తే ఇంక చేర్చకండి, తీయడం మొదలుపెట్టండి. ఒక్కో గుర్తూ చెరిపి చూసి, లోటు తెలిస్తేనే తిరిగి పెట్టండి. నేను మొదట వేసిన గుడిసెకి కిటికీ, పొగగొట్టం, పైన సూర్యుడు, గుమ్మం ముందు కోడి ఉండేవి. ఆ వారం ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. కోడి మాత్రం చాలా రోజులుంది.